పదహారు సిలిండర్లు, అదీ అడ్డంగా! చిజేటా వి16టి కథ

నమస్కారం అండి. స్క్రీన్ మీద ఈ తెల్ల కారు చూడగానే చాలామంది లాంబోర్గిని అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పు లేదు, ఎందుకో చెప్తాను. దీని పేరు చిజేటా మొరోడర్ వి16టి.

క్లాడియో జాంపోల్లి లాంబోర్గినిలో పనిచేసిన ఇంజనీరు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఇటాలియన్ కార్లు అమ్ముతూ, రిపేరు చేస్తూ ఉండేవాడు. ఆయన పేరులోని సి, జెడ్ అక్షరాలను ఇటాలియన్‌లో పలికితే 'చి', 'జేటా'. అదే కంపెనీ పేరైంది. డబ్బు పెట్టి తోడు నిలిచింది మూడు ఆస్కార్లు గెలిచిన సంగీత దర్శకుడు జార్జో మొరోడర్. డిజైన్ మార్చెల్లో గాందినిది. లాంబోర్గిని డయాబ్లో కారు కోసం ఆయన గీసిన గీతల్ని, ఆ కంపెనీని కొన్న అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్ వాళ్లు మార్చేశారు. ఆ అసలు ఊహ ఇక్కడ బతికింది. ఒక్కో పక్క రెండేసి, ఒకదాని మీద ఒకటి పైకి లేచే హెడ్‌లైట్లు చూడండి. ఇలాంటివి నేను ఇంకే కారులోనూ చూడలేదు.

ఇక అసలు విషయం, ఇంజన్. 5,995 సీసీ, 16 సిలిండర్లు, 64 వాల్వులు. అంటే ఒక్కో సిలిండరు సుమారు 375 సీసీ. మన పాత బుల్లెట్ 350 సిలిండరు కంటే కాస్తే పెద్దది. కానీ బుల్లెట్ పిస్టన్ 90 మిల్లీమీటర్లు పైకీ కిందికీ తిరుగుతుంది, ఇక్కడ 64.5 మాత్రమే. ప్రయాణం చిన్నది కాబట్టే 8,000 ఆర్‌పీఎం దాకా పరుగెత్తి 540 హార్స్‌పవర్ ఇస్తుంది.

ఇంత పొడుగు ఇంజన్‌ని సీట్ల వెనకాల అడ్డంగా పెట్టారు. ఇక్కడో చిక్కుంది. పొడవాటి తడి పంచెను ఒక కొస పట్టుకుని మెలిపెడితే రెండో కొస దాకా ఎలా మెలికపడుతుందో, పిస్టన్ల కదలికతో తిరిగే పొడుగు ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ కూడా అలాగే మెలిపడుతుంది. ఆ మెలికే వణుకుగా మారి షాఫ్ట్‌ని విరిచేయొచ్చు. అందుకని జాంపోల్లి బృందం పవర్‌ని చివర నుంచి కాకుండా మధ్యలోంచి తీసింది. ఒకే బ్లాకులో రెండు వి8లు (ఎనిమిదేసి సిలిండర్ల ఇంజన్లు) పక్కపక్కన, వాటి నడుమ గేర్లు, అక్కడి నుంచి వెనక్కి గేర్‌బాక్స్. పైనుంచి చూస్తే సరిగ్గా ఇంగ్లీషు 'టి' అక్షరం. నాకు ఈ కారంటే ప్రాణం అయ్యింది ఈ ఒక్క నిర్ణయం వల్లే. పదహారు సిలిండర్లు షో కోసం పెట్టారనేవాళ్లు ఈ భాగం చూసి మాట్లాడాలి.

దీనికి మూల్యం వెడల్పు. రెండు మీటర్లు దాటింది, బరువు 1,700 కిలోల దాకా. ఇరుకు సందులో టెన్షన్ ఖాయం. వెనక భాగం కూడా నా కంటికి మరీ బల్లపరుపుగా అనిపిస్తుంది.

1988 చివర్లో లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి చూపించారు, 1989లో జెనీవా కార్ల ప్రదర్శనకు వెళ్లింది. ఆ తర్వాత మొరోడర్ తప్పుకున్నాడు. 3 లక్షల డాలర్ల పైచిలుకు ధరకు కొనేవాళ్లు దొరకడం కష్టమైంది. బ్రూనై రాజకుటుంబం లాంటి కొద్దిమందే కొన్నారు. మొత్తం తయారైనవి పది దరిదాపుల్లోనే.

జాంపోల్లి 2021లో చనిపోయాడు. మొరోడర్ తన దగ్గరే ఉంచుకున్న ఈ తెల్ల కారు మరుసటి ఏడాది జనవరిలో వేలానికి వచ్చి 13 లక్షల డాలర్లు దాటింది. చిజేటా, మొరోడర్ అనే రెండు పేర్లూ కలిసి ఉన్న కారు ఇదొక్కటే.