తగలబడిన పటంలో ఫిల్లిడే

అందరికీ నమస్కారం. తెర మీద బొమ్మ నలుపు తెలుపులో ఉందేమిటా అని చూస్తున్నట్టున్నారు. ప్రొజెక్టర్ తప్పేమీ లేదు, మనకు మిగిలిందే ఇంత. అసలు పటం 1945లో బెర్లిన్‌లో కాలిపోయింది. బాంబుల నుంచి కాపాడదామని మ్యూజియంవాళ్ళు చాలా బొమ్మల్ని ఒక కాంక్రీటు బురుజులో దాచారు. యుద్ధం ముగిసే రోజుల్లో ఆ బురుజే అంటుకుంది.

ఈమె పేరు ఫిల్లిడే మెలాండ్రోని. గీసినవాడు కరవాజో అనే ఇటలీ చిత్రకారుడు, సుమారు 1597లో. ఫిల్లిడే 1581లో సియెనాలో పుట్టింది. పొట్టకూటికి తల్లితో కలిసి రోముకు వచ్చింది. పదమూడో ఏటికే ఆమె పేరు పోలీసు రికార్డుల్లో కనిపిస్తుంది. రాత్రిపూట తిరగకూడని చోట అన్నా బియాంకిని అనే స్నేహితురాలితో పట్టుబడింది. పదమూడేళ్ళు! మన ఇళ్ళలో ఆ వయసు పిల్లలు ఎనిమిదో తరగతి చదువుతుంటారు.

తర్వాత ఆమె దశ తిరిగింది. పెద్దింటివాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఇటలీలో అలాంటివాళ్ళను 'కొర్తిజానా' అనేవారు. ఆ మాటకు మూలార్థం దర్బారు మనిషి. మన 'వేశ్య'లో వినిపించే చులకన అందులో అంతగా లేదు. అలాగని బతుకు మర్యాదగా సాగిందనుకోకండి. ఆమెను తన గుప్పిట్లో ఉంచుకున్న రనూచో తొమాస్సోనిని 1606లో కరవాజోయే కత్తితో చంపి రోము విడిచి పారిపోయాడు.

ఈ బొమ్మలో ఆమె ఎదకు ఆనించుకున్న పూలు చూడండి. మల్లెలని కొందరు, నారింజ పూతని కొందరు అంటారు. నా మటుకు నేను మల్లెల పక్షం. మల్లెచెండుకు అర్థం ఏమిటో తెలుగువాళ్ళకు ఎవరైనా చెప్పాలా?

అసలు తమాషా ఇంకొకటి ఉంది. కరవాజో గీసిన సెయింట్ కేథరిన్‌లో, బైబిలు కథలో శత్రువు తల నరికే యూదితులో కనిపించేది ఈమె ముఖమేనని చాలామంది పరిశోధకులు గుర్తుపట్టారు. ఒకటి మాడ్రిడ్‌లో, రెండోది రోములోనే ఉన్నాయి. పోలీసులు వెంటబడి పట్టుకున్న పిల్ల ముఖం, దండం పెట్టుకునే సెయింటు ముఖమైంది. అయితే అక్కడ ఆమె కేథరిన్, యూదితు. ఫిల్లిడేగా కూర్చున్నది ఇదిగో, ఈ కాలిపోయిన పటంలోనే.

ఆ పటాన్ని ఆమె తన ఇంట్లో ఉంచుకుంది. 1614లో వీలునామా రాయిస్తూ, అది జూలియో స్ట్రోజి అనే పెద్దమనిషిదని, కరవాజో చేత్తో గీసిందని, దాన్ని ఆయనకే అప్పగించాలని చెప్పింది. చిత్రకారుడు చచ్చిపోయి అప్పటికి నాలుగేళ్ళు. ముప్ఫై మూడేళ్ళ మనిషి తన ఆస్తి లెక్కలు చెప్పుకుంటూ, తన ముఖం ఎవరిదో కూడా చెప్పాల్సి వచ్చింది. ఆ కాగితం చదివినప్పుడల్లా నేను ఇక్కడే ఆగిపోతాను.

1618లో ఆమె పోయింది. 1638లో జూస్టినియాని అనే ధనవంతుడి ఇంటి బొమ్మల జాబితాలో ఒక గుమాస్తా రాశాడు: 'ఫిల్లిడే అనే కొర్తిజానా పటం'. అతను బద్ధకించి 'ఒక స్త్రీ పటం' అని రాసి ఊరుకుంటే, ఇవాళ ఈ తెర మీద మనం చూస్తున్న మనిషికి పేరుండేది కాదు.

ఆమె కట్టుకున్న బట్టల రంగేమిటని పోయినసారి ఒక అమ్మాయి అడిగింది. ఈ ఫొటోలో అన్నీ బూడిద రంగే. ఆ పూలు ఒక్కటి మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి.