డిశ్చార్జి కాకముందే చేతికి రావాల్సిన కాగితాలు

[దృశ్యం: తిరుపతి, రుయా ఆసుపత్రి దగ్గరి రోడ్డు. ఉదయం ఎనిమిది గంటలు. ఒక జిరాక్స్ షాపు ముందు చెప్పే మనిషి. చేతిలో అంచులు నలిగిన ఫైలు.]

నమస్కారం. ఈ ఫైలు మా నాయనది. ఆయన చంద్రగిరి పక్కన మండల పరిషత్ స్కూల్లో టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఒకరోజు రాత్రి గుండెనొప్పి వస్తే దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. స్టెంట్ వేశారు, మనిషి దక్కాడు. వైద్యం చేసిన డాక్టరుకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. కానీ ఆ ఖర్చు కోసం పెట్టిన రీయింబర్స్‌మెంట్ బిల్లు, అంటే మనం కట్టిన డబ్బు తిరిగి ఇవ్వమని ప్రభుత్వానికి పెట్టుకునే బిల్లు, మూడుసార్లు వెనక్కి వచ్చింది. మందుల బిల్లుల మీద డాక్టర్ సంతకం లేదని ఒకసారి, స్టెంట్ స్టిక్కర్ లేదని ఒకసారి, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ లేదని ఇంకోసారి. ఆ మూడూ మేం ఆసుపత్రిలో ఉన్నప్పుడు పది నిమిషాల్లో దొరికేవి. ఇంటికొచ్చాక ఒక్కో దానికి నెల పట్టింది.

అందుకే ఈ వీడియో. ఆసుపత్రిలో ఉన్నవాళ్లు ఎవరైనా చూస్తుంటే, డిశ్చార్జికి ముందే పూర్తిగా చూడండి.

[స్క్రీన్ మీద మూడు కార్డుల బొమ్మలు: రైస్ కార్డు, ఈఎస్ఐ కార్డు, ఈహెచ్‌ఎస్ కార్డు]

ముందు మీ ఇంట్లో ఏ కార్డు ఉందో చూసుకోండి. దారి దాన్నిబట్టే ఉంటుంది.

రైస్ కార్డు ఉన్న కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకమే ఇది. ఇందులో మనం డబ్బు కట్టి తర్వాత తెచ్చుకునే పద్ధతి ఉండదు, ఆసుపత్రికి పథకం కిందే డబ్బు వెళ్తుంది. కాబట్టి ఇక్కడ మీ పని ఒక్కటే. నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే పథకంలో చేరిన ఆసుపత్రిలో, అడుగుపెట్టగానే పథకం తరఫున సాయం చేసే ఆరోగ్యమిత్ర కౌంటర్ ఎక్కడుందో అడిగి, ఆధార్, రైస్ కార్డు చూపించి, కేసు నమోదు చేయించుకోండి. పథకంలో ఉన్న చికిత్సకు డబ్బు అడిగితే కట్టేసి ఇంటికొచ్చి బాధపడొద్దు. లోపల ఉన్నప్పుడే 104కి ఫోన్ చేయండి. పథకం కిందికి రాని చికిత్సకు అప్పుచేసి కట్టినవాళ్లు మీ ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది బీమా కాదు, సాయం. ఎంత ఇస్తారన్నది వాళ్ల నిర్ణయం. అయినా ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ లేకుండా అక్కడ కూడా పని జరగదు.

[దృశ్యం: రేణిగుంట వైపు షిఫ్టుకు వెళ్తున్న కంపెనీ బస్సులు]

ఇక ఈఎస్ఐ, అంటే కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఉండే ఆరోగ్య బీమా. రేణిగుంట, కరకంబాడి, శ్రీసిటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలు చాలామంది నన్ను అడిగేది దీని గురించే. నెల జీతం 21,000 లోపు ఉంటే మీ జీతంలో 0.75 శాతం పట్టుకుంటారు, కంపెనీ 3.25 శాతం కలుపుతుంది. అంటే 16,000 జీతానికి నెలనెలా మీ చేతి నుంచి పోయేది 120 రూపాయలు. జీతం స్లిప్పులో ఆ కోత ప్రతి నెలా చూస్తున్నా దానికి ఏమొస్తుందో మనవాళ్లకు తెలియదు. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడి ఉంటే వాళ్లకు కూడా వైద్యం వస్తుంది. వాళ్ల పేర్లు ఎక్కించారో లేదో ఈరోజే మీ హెచ్‌ఆర్‌ను అడగండి. జబ్బు పడ్డాక ఎక్కించాలంటే చాలా టెన్షన్.

మామూలుగా అయితే ముందు ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లాలి. అక్కడ కుదరకపోతే ఈఎస్ఐ ఆసుపత్రికి రాస్తారు, అక్కడా కుదరకపోతే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి రెఫరల్ ఇస్తారు. రెఫరల్ మీద వెళ్తే మీరు రూపాయి తీయాల్సిన పని లేదు. రీయింబర్స్‌మెంట్ అవసరమయ్యేది యాక్సిడెంటో, గుండెపోటో వచ్చి దగ్గర్లో ఏది ఉంటే దానికి పరిగెత్తినప్పుడే. అప్పుడు డబ్బు కట్టి చేరినా, వీలైనంత త్వరగా మీ డిస్పెన్సరీ డాక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఇంట్లోవాళ్లు ఎవరైనా వెళ్లి కాగితం ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకుని రండి. బిల్లు పెట్టే రోజున “అంత అర్జెంటుగా బయటికి ఎందుకెళ్లారు” అన్న ప్రశ్నకు ఆ కాగితమే జవాబు. ఇంకో మాట. ప్రైవేటు ఆసుపత్రి వేసినంతా రాదు, ప్రభుత్వం ఒప్పుకున్న రేటు వరకే వస్తుంది.

ఆసుపత్రిలో ఉన్న రోజులకు జీతం పోయిందా? సిక్‌నెస్ బెనిఫిట్ అడగండి. తగినన్ని రోజుల చందా ఉంటే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. దీన్ని చాలామంది వదిలేసుకుంటున్నారు. అది మీ డబ్బే.

[దృశ్యం: మళ్లీ జిరాక్స్ షాపు. బల్లమీద ఫైలు తెరిచి, ఒక్కో కాగితం కెమెరాకు చూపిస్తూ]

ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లు. మీకు ఈహెచ్‌ఎస్, అంటే ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉంది. ముందు దాంతో క్యాష్‌లెస్‌కే, అంటే డబ్బు కట్టకుండా వైద్యానికే, ప్రయత్నించండి. కుదరనప్పుడు, లేదా “ఇప్పుడు కట్టేయండి, తర్వాత పెట్టుకోండి” అని ఆసుపత్రి అన్నప్పుడు, 1972 నాటి ఇంటిగ్రేటెడ్ మెడికల్ అటెండెన్స్ రూల్స్ కింద రీయింబర్స్‌మెంట్ దారి ఉంటుంది. ఆ ఆసుపత్రికి ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. గుర్తింపు ఉత్తర్వు కాపీ ఒకటి అడిగి తీసుకోండి. మీరు చేరిన తేదీకి ఆ గుర్తింపు గడువులో ఉందో లేదో చూసుకోండి. చిత్తూరు వాళ్లు వేలూరుకో, చెన్నైకో వెళ్తే ఈ సంగతి మరీ ముఖ్యం. రాష్ట్రం దాటాక అక్కడి సిబ్బందికి మన ఫారాలు కొత్తగా ఉంటాయి. ఖాళీ ఫారాలు ఇంటి దగ్గరే జిరాక్స్ తీసుకుని వెంట పట్టుకెళ్లండి.

ఇదిగో, మొదటిది డిశ్చార్జ్ సమ్మరీ. చేరిన తేదీ, వెళ్లిన తేదీ, జబ్బు పేరు, చేసిన చికిత్స, అన్నీ ఉండాలి. పేరు మీ సర్వీసు రికార్డులో ఎలా ఉందో అలాగే రాయించండి. మా నాయనకు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడింది. దానికి కూడా ఒక ఉత్తరం రాసివ్వాల్సి వచ్చింది.

రెండోది ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్. ఈ మందులు, ఈ పరీక్షలు ఈ రోగికి తప్పనిసరి అని వైద్యం చేసిన డాక్టరే సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చే కాగితం. ఇందులో వేసిన మొత్తం, బిల్లుల మొత్తం రూపాయి తేడా లేకుండా కలవాలి. కౌంటర్ దగ్గరే కూర్చుని కూడండి. సిగ్గుపడొద్దు.

మూడోది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. అత్యవసరంగా చేరిన కేసుకు ఇది కావాలి. మేం అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. తర్వాత వెళ్లేసరికి ఆ డాక్టరు వేరే ఊరు వెళ్లిపోయారు. ఆయన నంబరు పట్టుకుని, సంతకం చేయించుకునేసరికి నాలుగు వారాలు.

నాలుగోది బిల్లులు. అడ్వాన్స్ కట్టిన రసీదును చాలామంది బిల్లు అనుకుంటారు. అది బిల్లు కాదు. గది అద్దె ఎంత, పరీక్షలెంత, మందులెంత అని విడివిడిగా రాసిన ఫైనల్ బిల్లు కావాలి. మందుల బిల్లు ప్రతిదాని మీదా డాక్టరు సంతకం చేయించండి. స్టెంటో, మోకాలి చిప్పో, కంటి లెన్సో వేస్తే దాని పెట్టె మీద స్టిక్కర్ ఉంటుంది, దానికి ఇన్‌వాయిస్ ఉంటుంది. రెండూ అడగండి.

[దగ్గరి షాట్: తెల్లబడిపోయిన ఒక బిల్లు]

ఇది చూడండి. మందుల షాపులో మెషిన్ నుంచి వచ్చే నున్నటి కాగితం. మూడు నెలలకే అక్షరాలు పోయాయి. 4,300 రూపాయల బిల్లు ఇది, అడగడానికి కూడా లేకుండా పోయింది. ఇలాంటి బిల్లు చేతికొచ్చిన రోజే జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్ మీద కూడా డాక్టరు సంతకం పెట్టించండి.

ఈ కాగితాలకు తోడుగా అపెండిక్స్-2 ఫారం, ఈ డబ్బు ఇంకెక్కడా తీసుకోలేదన్న నాన్ డ్రాయల్ డిక్లరేషన్, భార్యకో పిల్లలకో వైద్యం చేయించి ఉంటే డిపెండెంట్ సర్టిఫికెట్ పెట్టాలి. మొత్తం ఒరిజినల్స్ ఆఫీసుకి, ఒక పూర్తి జిరాక్స్ సెట్ మీ దగ్గర. ఉద్యోగంలో ఉన్నవాళ్లు మీ డీడీవోకి, అంటే మీ జీతం బిల్లు పెట్టే అధికారికి, ఇవ్వాలి. పెన్షనర్లు రిటైరైన ఆఫీసులోనే ఇవ్వాలి. మా నాయన ఫైలు ఎంఈవో, అంటే మండల విద్యాధికారి, ఆఫీసు నుంచే వెళ్లింది. డిశ్చార్జ్ అయిన తేదీ నుంచి ఆరు నెలల లోపు ఇవ్వాలి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. ఒంట్లో కుదుటపడ్డాక చూద్దాంలే అనుకుంటే ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇళ్లలో ఇలాగే హక్కు పోతోంది. మీ వీధిలో అలాంటి మాస్టారో, టీచరమ్మో ఉంటే ఒకసారి వెళ్లి అడగండి.

ఫైలు స్క్రూటినీకి, అంటే పరిశీలనకు, వెళ్తుంది. అక్కడ ఒక్కో చికిత్సకు ప్రభుత్వం ఖరారు చేసిన ప్యాకేజీ రేట్లతో పోల్చి, ఎంత ఇవ్వాలో తేలుస్తారు. భోజనం, వెంట ఉన్నవాళ్ల ఖర్చు లాంటివి కొట్టేస్తారు. మీ అర్హతకు మించిన గది తీసుకుంటే ఆ తేడా మీదే. కాబట్టి లక్షా ఎనభై వేలు కట్టాం, లక్షా ఎనభై వేలూ వస్తాయని అప్పులవాళ్లకు మాట ఇవ్వొద్దు. శాంక్షన్ ప్రొసీడింగ్స్, అంటే మంజూరు ఉత్తర్వు, వచ్చాక డీడీవో ప్రభుత్వ బిల్లుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో బిల్లు పెడతారు, ట్రెజరీ పాస్ చేస్తుంది, డబ్బు ఖాతాలో పడుతుంది. బడ్జెట్ లేకపోతే అక్కడ కూడా ఆగుతుంది. ప్రొసీడింగ్స్ నంబరు, బిల్లు నంబరు రాసిపెట్టుకోండి. ఆఫీసుకి వెళ్లినప్పుడు “నా ఫైలు ఏమైంది సార్” అంటే వెతకడానికే పూట పడుతుంది. నంబరు చెబితే అక్కడికక్కడే చూసి చెబుతారు.

[దృశ్యం: షాపతను జిరాక్స్ కట్ట అందిస్తున్నాడు. చెప్పే మనిషి దాన్ని ఫైల్లో సర్దుతూ]

మా నాయన డబ్బు పదకొండు నెలలకు వచ్చింది, కొంత కోతతో. ఆరోజు ఆయన బ్యాంకు పుస్తకం ఎంట్రీ వేయించుకొచ్చి, నా చేతిలో పెట్టి, “ఎదురింటి రిటైర్డ్ హెడ్‌మాస్టరు వేలూరులో ఉన్నారు, ఆపరేషన్ అంట. ఆ ఫారాలు ఇంకో సెట్ తీసి పంపించు నాయనా” అన్నారు. ఇప్పుడు తీయించింది ఆ సెట్టే. పది గంటల వేలూరు బస్సుకు వాళ్లబ్బాయి వెళ్తున్నాడు, ఇచ్చి వస్తాను.