ఖైదులో నోరు జారిన జనరల్

నమస్కారం. రోమెల్ పేరు మనలో చాలామంది వినే ఉంటారు, కానీ రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికా ఎడారిలో అతని కింద పనిచేసిన జర్మన్ జనరల్ విల్హెల్మ్ ఫాన్ థోమా పేరు పెద్దగా ఎవరికీ తెలీదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడాడు, స్పెయిన్ అంతర్యుద్ధంలో తిరుగుబాటు నాయకుడు ఫ్రాంకో తరఫున జర్మన్ ట్యాంకులు నడిపించాడు, తర్వాత రష్యా, అక్కణ్ణుంచి 1942లో ఆఫ్రికా.

ఈజిప్టులోని ఎల్ అలమీన్ దగ్గర జర్మన్ల పని అయిపోయింది. వెనక్కి తగ్గుదామని చూస్తుంటే నవంబర్ 3న హిట్లర్ నుంచి ఆర్డర్: ఒక్క అడుగు కదలొద్దు, గెలవాలి, లేదా చావాలి. ఇదేం పిచ్చి అని థోమా మండిపడ్డాడు. మర్నాడు తనే ముందు వరసకు పోయి, తగలబడుతున్న ట్యాంకు పక్కన చేతిలో చిన్న గుడ్డసంచితో నిలబడి, బ్రిటిష్ వాళ్లకు చిక్కాడు. ఆ రాత్రి బ్రిటిష్ సేనాపతి మోంట్‌గొమరీ పిలిచి భోజనం పెట్టాడు! లండన్‌లో కొందరికి ఇది మింగుడు పడలేదు.

అసలు కథ ఆ తర్వాత. థోమాను లండన్ శివార్లలోని ట్రెంట్ పార్క్ అనే పెద్ద బంగళాలో పెట్టారు. తోట, బిలియర్డ్స్ బల్ల, అంతా అల్లుడి మర్యాదే. ఊరికే చేస్తారా? ఎక్కడ పడితే అక్కడ మైకులు దాచారు, కింద హెడ్‌ఫోన్లు తగిలించుకుని మనుషులు కూర్చుని వింటున్నారు, పోనుపోను వాళ్లలో నాజీల బారి నుంచి పారిపోయి వచ్చిన జర్మన్ యూదులు కూడా ఎందరో చేరారు.

థోమాకు హిట్లరంటే పడదు, తోటి ఖైదీ జనరల్ క్రూవెల్‌దేమో నాజీల పక్షం, ఇద్దరికీ ఎప్పుడూ వాదనే. 1943 మార్చి 22న మాటల్లో రాకెట్ల సంగతి వచ్చింది. ఫీల్డ్ మార్షల్ బ్రౌకిచ్‌తో కలిసి వాటి ఏర్పాట్లు చూశానని, వచ్చే ఏడాది చూడండి తమాషా అన్నట్టు అక్కడి మేజర్ మహా ఉత్సాహంగా చెప్పాడని, మనం లండన్ దగ్గరే ఉన్నా ఇంకా పేలుళ్లు వినపడలేదంటే పని ఆలస్యమైనట్టేనని థోమా అన్నాడు. అంతే, అది కాగితమెక్కి, శాస్త్ర నిఘా చూసే ఆర్.వి. జోన్స్ చేతికి వెళ్లింది. రాకెట్ల వదంతులు అప్పటికే ఉన్నాయి, కానీ ఒక జనరల్ పక్కవాడితో మామూలుగా అన్న మాటకు ఉండే బరువే వేరు.

ఆగస్టు 17 రాత్రి దాదాపు 600 బ్రిటిష్ బాంబర్లు జర్మన్ల పీనెముండే రాకెట్ కేంద్రం మీద పడ్డాయి. అదంతా థోమా మాట వల్లే అనడం అతిశయోక్తి, విమానాల నుంచి తీసిన ఫోటోలూ ఉన్నాయి, గూఢచారుల కబుర్లూ ఉన్నాయి. అయినా జోన్స్‌కు అనుమానం గట్టిపడింది దీంతోనే. ఇంతా చేసి, 1944 సెప్టెంబర్ 8న లండన్ మీద వీ-2 అనే ఆ రాకెట్ పడనే పడింది.

ఖైదులోనే థోమాకు ఒక కాలు తీసేశారు. 1946లో వదిలిపెట్టారు, 1948లో చనిపోయాడు. ఆ సంభాషణల కాగితాలు జనం చూసేలా బయటికొచ్చింది 1990లలో.