ఏ రూలు ప్రకారమండీ?

శ్రోతలందరికీ నమస్కారం.

మా అమ్మమ్మ శనివారం సంతలో బీరకాయలు, దోసకాయలు అమ్మేది. సెలవులకు వెళ్ళినప్పుడు గంప పక్కన నేనూ కూర్చునేవాణ్ణి. పది గంటలయ్యేసరికి ఒకాయన వచ్చేవాడు. చంకలో సంచీ, చేతిలో చీటీల పుస్తకం. దూరం నుంచి ఆయన్ని చూడగానే అమ్మమ్మ కొంగు ముడి విప్పేది. ఆయన చిల్లర తీసుకుని, ఒక చీటీ చింపి గంపలో పడేసి, పక్క గంప దగ్గరికి పోయేవాడు. మాటా పలుకూ ఉండేది కాదు. సంతలో చేసే ఆ వసూలును మా వైపు ఆశీలు అంటారు. తెలంగాణలో తైబజారు అంటారు. "ఎందుకివ్వాలే అమ్మమ్మా?" అని ఒకసారి అడిగాను. "అడుగుతాడు కాబట్టి ఇస్తాం" అంది.

అడుగుతాడు కాబట్టి ఇస్తాం. ఇది మా అమ్మమ్మ ఒక్కదాని మాట కాదు. తరాల నుంచి మనకున్న అలవాటు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అని సామెతే ఉంది కదా. తలచుకుంటే చాలు. ఎందుకని అడిగేవాడు లేడు.

మన రాజ్యాంగం మూలసూత్రాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పది నిమిషాలు ఇచ్చారు. 395 అధికరణాలతో, 8 షెడ్యూళ్ళతో మొదలైన పుస్తకం అది. దాన్ని తయారు చేయడానికి రాజ్యాంగ సభకు 2 సంవత్సరాల 11 నెలల 18 రోజులు పట్టింది. ఇక పది నిమిషాల్లో నేనేం చెప్తాను? ఒక్క ముక్క చెప్తాను. అడిగేవాణ్ణి మనం తిరిగి అడగొచ్చు. "ఏ రూలు ప్రకారమండీ?" అని. నా వరకు నాకు రాజ్యాంగం అంటే మొదట ఇదే. పండితులు ఒప్పుకోకపోవచ్చు. ప్రజాస్వామ్యం, లౌకికత్వం, సమాఖ్య, ఇవన్నీ ఏమయ్యాయయ్యా అంటారు. ఎక్కడికీ పోలేదు. వాటిలో దేనికి దెబ్బ తగిలినా మనం మొదట వేయాల్సిన ప్రశ్న మాత్రం ఇదే.

ఇప్పుడొక కూరగాయల వ్యాపారి కథ చెప్తాను. నాకు చాలా ఇష్టమైన కథ. కల్పించింది కాదు, సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉన్నదే.

ఉత్తరప్రదేశ్‌లో, అప్పటి ముజఫర్‌నగర్ జిల్లాలో జలాలాబాద్ అని చిన్న పట్నం. అక్కడ మహమ్మద్ యాసీన్ అనే ఆయనకు ఒక కొట్టు ఉంది. కూరగాయలు, పళ్ళు హోల్‌సేల్ వ్యాపారం. చుట్టుపక్కల రైతులు సరుకు తెస్తారు. తమకు నచ్చిన వ్యాపారి దగ్గర దింపుతారు. ఆయన పాట పెట్టి అమ్మిపెడతాడు, రూపాయికి ఒక అణా కమీషను ఉంచుకుంటాడు. మన దగ్గర కమీషను కొట్లలో ఇప్పటికీ జరిగేది ఇంచుమించు ఇదే.

ఆ పట్నాన్ని నడిపేది టౌన్ ఏరియా కమిటీ. మునిసిపాలిటీకి తమ్ముడు అనుకోండి. ఆ కమిటీ కొన్ని బైలాలు, అంటే తన సొంత రూళ్ళు, చేసుకుంది. వాటి సారాంశం ఏమిటంటే, ఊళ్ళో కూరగాయలు, పళ్ళు హోల్‌సేల్‌గా అమ్మే అధికారం, ఆ కమీషను వసూలు చేసుకునే అధికారం కమిటీదే. లేదంటే కమిటీ పెట్టిన మనిషిది. ఆ అధికారాన్ని వేలం వేశారు. ఒకాయన పాడుకున్నాడు. అంతే, ఆ ఏడాదికి ఊరి కూరలన్నీ ఆ పాటదారు చేతికి వెళ్ళిపోయాయి. పోనీ లైసెన్సు తీసుకుందామా అంటే, యాసీన్ లాంటి వ్యాపారికి లైసెన్సు ఇవ్వాలని చెప్పే బైలా ఒక్కటీ లేదు.

యాసీన్ కమిటీని అడిగాడు. ఏ రూలు ప్రకారం? ఊళ్ళో అడిగి ఊరుకోలేదు, ఢిల్లీ దాకా వెళ్ళి సుప్రీంకోర్టులో అడిగాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. వంకాయలు, గుమ్మడికాయలు అమ్ముకునే మనిషికి నేరుగా దేశంలోని పై కోర్టు తలుపు తట్టే వీలు ఎలా వచ్చింది? 32వ అధికరణం వల్ల. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళడం కూడా ఒక ప్రాథమిక హక్కే అంటుంది అది. 1948 డిసెంబరు 9న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఈ అధికరణం గురించి మాట్లాడుతూ, రాజ్యాంగానికి ఆత్మ ఇదే, గుండె ఇదే అన్నారు. ఆ రోజుల్లో సుప్రీంకోర్టుకు సొంత భవనం లేదు. పార్లమెంటు భవనంలోనే, సంస్థానాధీశుల సభ కోసం కట్టిన హాల్లో నడిచేది. 1958 దాకా అక్కడే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. రాజులూ నవాబులూ కూర్చోవడానికి కట్టిన హాల్లో జలాలాబాద్ కూరగాయల తగవు విన్నారు. ఒక్కరు కాదు, అయిదుగురు జడ్జీలు కూర్చుని విన్నారు.

కమిటీ వాదన ఏమిటి? మేమెవర్నీ ఆపలేదు, ఫీజు కడితే ఎవరైనా అమ్ముకోవచ్చు అంది. వినడానికి న్యాయంగానే ఉంది. జడ్జీలు ఆ ఫీజు దగ్గరే ఆగారు. సరే, ఆ ఫీజు వేసే అధికారం మీకెక్కడిది? కమిటీకి అధికారం వచ్చింది పాత చట్టాల నుంచి, ఇంగ్లీషువాళ్ళ కాలం నాటివి. వాటిని తెరిచి చూశారు. కమిటీ స్థలాన్ని గానీ, కమిటీ అజమాయిషీలో ఉన్న వీధిని గానీ వాడుకుంటే ఫీజు తీసుకోవచ్చు అని ఉంది. మరి ఈయన బేరం చేసేది తన కొట్లో కదా! కమిటీ స్థలం వాడుకున్నాడా లేదా అని చూడకుండా, హోల్‌సేల్ బేరం చేసే ప్రతివాడి మీదా ఫీజు వేస్తున్నాయి ఆ బైలాలు. చట్టంలో అంత అధికారం ఇవ్వలేదు. కాబట్టి ఆ బైలాలు చెల్లవు.

1952 ఫిబ్రవరి 27న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ సుధీరంజన్ దాస్. దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగిన రోజులవి. ఆ తీర్పులో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. వ్యాపారం మీద వేసే లైసెన్సు ఫీజు మనిషి డబ్బును మాత్రమే తీసుకోదు, అది కట్టందే వ్యాపారం చేయలేడు కాబట్టి ఆ వ్యాపారం చేసుకునే హక్కుకే అది అడ్డు అన్నారు. 19వ అధికరణం ఇచ్చిన హక్కు అది. దానికి అడ్డు పెట్టకూడదని రాజ్యాంగం అనలేదు. పెట్టొచ్చు. కానీ ఆ అడ్డు సమంజసంగా ఉండాలి, పైగా చట్టం ద్వారా రావాలి. ఇక్కడ చట్టమే లేదు. చట్టం లేనప్పుడు అది సమంజసమా కాదా అన్న చర్చ దాకా కూడా పోనక్కర్లేదు.

చివర్లో ఏం చేశారో కూడా వినండి. ఇకమీదట ఎవరూ ఫీజులు వసూలు చేయకూడదని అనలేదు. సరైన, చెల్లే బైలాలు చేసుకునేదాకా ఈయన వ్యాపారం ఆపకండి అన్నారు. వసూలు చేసుకోండి, పద్ధతి ప్రకారం చేసుకోండి అని.

చట్టసభ, ప్రభుత్వం, కోర్టు అని మనం చిన్నప్పుడు స్కూల్లో మూడు పేర్లు బట్టీ పట్టాం కదా. ఆ మూడూ ఈ ఒక్క కూరల కొట్లో కనిపిస్తాయి. అధికారం ఎంతవరకో గీత గీసింది చట్టసభ. వసూలుకు దిగింది కమిటీ. గీత దాటావు అని చెప్పింది కోర్టు. ఎవరి గీత వాళ్ళకుంది. ఇదే ప్రశ్న 1973లో పార్లమెంటుకే ఎదురైంది, రాజ్యాంగాన్ని ఎంతవరకు మార్చగలవు అని. 13 మంది జడ్జీలు, 7 మంది ఒకవైపు, 6 మంది ఒకవైపు. మార్చొచ్చు కానీ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదన్నారు. కేశవానంద భారతి కేసు. ఆ కథకు ఇవాళ టైం చాలదు.

మన దుర్గాబాయి గారిని మాత్రం తలుచుకోకుండా ఉండలేను. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు. అక్కడి ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర పద్నాలుగేళ్ళ వాలంటీరు పిల్ల. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టికెట్ లేదు. టికెట్ లేకుండా పంపను అంది. పెద్దలు వచ్చి కోప్పడ్డారట. ఆమె కదల్లేదు. చివరికి టికెట్ కొన్నాకే ఆయన లోపలికి వెళ్ళారు. ఆ పిల్లే తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలై కూర్చుంది. చట్టం ముందు అందరూ సమానమే అని 14వ అధికరణంలో రాసుకున్నాం. రాయకముందే ఒక రాజమండ్రి పిల్ల కాకినాడలో దాన్ని అమలు చేసేసింది.

ఇక పనికొచ్చే మాట ఒక్కటి చెప్పి ముగిస్తాను. రాజ్యాంగంలో 265వ అధికరణం అని ఉంది. ఒక్క వాక్యం. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఏ పన్నూ విధించకూడదు, వసూలు చేయకూడదు. రెండు మాటలూ గమనించండి. విధించకూడదు, వసూలు చేయకూడదు. పైన కూర్చుని పన్ను వేసేవాడికీ ఇది వర్తిస్తుంది, చేతిలో పుస్తకం పట్టుకుని మన గంప దగ్గరికొచ్చేవాడికీ వర్తిస్తుంది. సంతలో గానీ, బస్టాండు పార్కింగులో గానీ, ఆఫీసు కౌంటరులో గానీ ఎవరైనా ప్రభుత్వం పేరుతో డబ్బు అడిగితే రశీదు అడగండి. రశీదు మీద ఎవరి పేరుందో, ఎంత రాశారో చూడండి. అనుమానం వస్తే అక్కడ గొడవ పడొద్దు, వాళ్ళు కూడా మనలాంటి వాళ్ళే. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఒక తెల్లకాగితం మీద, ఈ ఫీజు ఏ చట్టం కింద, ఏ ఉత్తర్వు ప్రకారం వసూలు చేస్తున్నారు, ఎంత రేటు అని రాసి సంబంధిత ఆఫీసులో ఇవ్వండి. మన తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆఫీసుల్లో దరఖాస్తు ఫీజు పది రూపాయలు దాటదు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రూలు ఉంటే చూపిస్తారు, అప్పుడు మనం కట్టాల్సిందే. లేకపోతే ఆ సంగతీ తెలుస్తుంది.

మా అమ్మమ్మకు చదువు రాదు. కానీ ఆశీలు చీటీని ఎప్పుడూ పారేసేది కాదు. మడిచి వక్కల సంచిలో పెట్టేది. ఒక శనివారం మధ్యాహ్నం ఇంకెవరో కొత్త మనిషి వచ్చి మళ్ళీ ఆశీలు అడిగాడు. అమ్మమ్మ ఏమీ అనలేదు. వక్కల సంచి విప్పి, ఆ చీటీ తీసి, ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. ఆయన చూశాడు. పక్క గంప దగ్గరికి వెళ్ళాడు. పక్క గంప ఆవిడ కూడా చీటీ కోసం వెతుక్కుంటోంది.

నమస్కారం.