పక్కింటి చెత్తడబ్బాలో మన కవరు

శ్రోతలందరికీ నమస్కారం.

ఇంట్లో చెత్తడబ్బా నిండిపోయింది. మూత పడటం లేదు. చేతిలో ఇంకో కవరు మిగిలింది. గోడ పక్కన చూస్తే పొరుగింటివారి డబ్బా సగం కూడా నిండలేదు. అందులో వేయొచ్చా, వేయకూడదా? ఇవాళ ఆ ఒక్క కవరు గురించే మాట్లాడుకుందాం.

ఇది చోటుకు సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటారు. ఖాళీ ఉంది కదా, వేస్తే వాళ్ళకేం పోయింది అంటారు. కానీ ఇరుగుపొరుగు మధ్య మాటలు ఆగిపోయేది చోటు వల్ల కాదు, వేళ వల్ల. ఎంత వేశారన్నది కాదు, ఎప్పుడు వేశారన్నది చూడాలి. బండి వెళ్ళాక వేశారా, బండి రాకముందు వేశారా? అదే అసలు సంగతి.

ఎందుకో చెబుతాను. చెత్త బండి వారానికి ఒక్కసారి, సోమవారం పొద్దున వస్తుందనుకోండి. బండి వచ్చింది, వెళ్ళింది. పొరుగువారి డబ్బా ఖాళీగా వీధిలో ఉంది. అటుగా వెళ్తున్నవారు ఒక చిన్న కవరు అందులో పడేశారు. పెద్దదేం కాదు, కిలో కూడా ఉండదు. వంటింటి తొక్కలు, పళ్ళెంలో మిగిలిన తిండి, అంతే. కవరు మూతి మెలిపెట్టారు గాని ముడి వేయలేదు.

ఆ మధ్యాహ్నమే ఈగ వస్తుంది. తడిగా, కుళ్ళుతున్న చోటు వెతుక్కుని ఒక్క విడతలో వంద దాకా గుడ్లు పెడుతుంది. వెచ్చటి వాతావరణమైతే ఒక్క రోజులోనే గుడ్లు పగిలి తెల్లటి పురుగులు బయటికొస్తాయి. ఈలోగా ఇంటివారు తమ కవర్లు ఒక్కొక్కటే పైన వేస్తుంటారు. అడుగున ఉన్న ఈ కవరు వాళ్ళకు కనబడదు. ఆ బరువుకు అది చిట్లుతుంది, లోపలి నీరు డబ్బా అడుగుకు దిగుతుంది. అక్కడ గాలి ఆడదు. గాలి అందని చోట కుళ్ళిన దాని వాసన వేరు, అది ముక్కుపుటాలను వదలదు.

మంగళవారం, బుధవారం, గురువారం. పురుగులు తింటూ పెరుగుతుంటాయి. అయిదారు రోజులకు బాగా ఎదిగాక వాటికి తడి చోటు పనికిరాదు. ఈగగా మారడానికి పొడి చోటు కావాలి. అందుకని డబ్బా గోడ పట్టుకుని పైకి పాకుతాయి. శనివారమో ఆదివారమో ఇంటావిడ మూత తెరిచేసరికి అంచు కింద వరుసగా పురుగులు. ఆవిడ వేసిన కవర్లన్నీ శుభ్రంగా ముడి వేసినవే, అయినా ఆ డబ్బా కడగాల్సింది ఆవిడే.

ఇప్పుడు అదే కవరు ఆదివారం రాత్రి వేశారనుకోండి. అదే కిలో చెత్త, అదే డబ్బా. చీకట్లో ఈగలు పెద్దగా తిరగవు. అన్నిటికన్నా పైన ఉంది కాబట్టి చిట్లదు. సోమవారం పొద్దున బండిలోకి వెళ్ళిపోతుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. రోజూ బండి వచ్చే చోట కూడా లెక్క ఇదే, రోజుల బదులు గంటలు చూసుకోవాలి. బండి వెళ్ళాక కాదు, బండి రాకముందు.

ఆ వేళకు కూడా అడిగే వేయాలి. అడగడం కష్టమేమీ కాదు. "పిన్నిగారూ, మా డబ్బా నిండిపోయిందండీ. రేపు బండి వచ్చేముందు మీ దాంట్లో ఒక్క కవరు వేసుకోనా?" అంటే చాలు. ఒక్క కవరు అన్నారు, ఒక్కటే వేయండి. ఒకసారి ఒప్పుకున్నారు కదా అని వచ్చే వారం అడగకుండా వేయకండి. ఒప్పుకోకపోతే మనసులో పెట్టుకోకండి. వాళ్ళింటికి ఆ వారం చుట్టాలు రావొచ్చు, ఆ ఖాళీ వాళ్ళకే కావలసి ఉండొచ్చు.

మరి బండి వచ్చేదాకా మన కవరు ఎక్కడ ఉంచాలి? ముందు తడి పోవాలి. చిల్లుల గిన్నెలో వేసి నీరంతా ఓడ్చి, పాత కాగితంలో చుట్టి అప్పుడు కవరులో పెట్టండి. మాంసం, చేపల వ్యర్థాలైతే బాగా ముడి వేసి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో ఉంచి, బండి వచ్చే పొద్దున తీసి వేయండి. కొందరికి ఇది రోతగా అనిపించవచ్చు. నిన్నటిదాకా తిండిగా అదే ఫ్రిజ్‌లో ఉన్నదే కదా. ఆ చలికి కుళ్ళు ఆగుతుంది, మూసి ఉంటుంది కాబట్టి ఈగ చేరదు.

కవరు నింపడంలో కూడా ఒక పద్ధతుంది. ముప్పాతిక దాకా నింపి ఆపాలి. ఆ మిగిలిన పావు ముడి కోసం. గాలి నొక్కేసి, మూతి రెండు చుట్లు మెలితిప్పి, గట్టిగా ముడి వేయాలి. నిండుగా కుక్కిన కవరుకు ముడి పడదు. ముడి పడని కవరు మన డబ్బాలోనే ఉండనివ్వండి.

పొరుగువారి డబ్బాలో పెట్టాక పైనుంచి అదమకండి. అదిమితే చెత్త గోడలకు బిగుసుకుపోతుంది. బండివారు డబ్బా బోర్లించినా సగం పడి సగం లోపలే ఉండిపోతుంది. ఆ సగంతో వాళ్ళు ఇంకో విడత బండి దాకా ఉండాలి. మూత పూర్తిగా పడిందో లేదో చూసి మరీ వెనక్కి తిరగండి. మూత రెండు వేళ్ళు లేచి ఉన్నా వాన నీరు, కుక్కలు, కాకులు, అన్నీ లోపలికే.

పొడి చెత్త డబ్బా విషయంలో మాత్రం నేను కాస్త కఠినంగానే చెబుతాను. పొరుగువారి పొడి చెత్త డబ్బాలో మీ కలగలుపు కవరు ఎప్పుడూ వేయకండి, అనుమతి ఉన్నా సరే. వాళ్ళు వారమంతా కాగితం, అట్టలు విడిగా దాచి ఉంటారు. మీ కవరు నుంచి జిడ్డు, పులుసు కారిందంటే ఆ అట్టలు నానిపోతాయి. జిడ్డు పట్టిన కాగితాన్ని మళ్ళీ కాగితంగా మార్చడానికి తీసుకోరు. ఒక్క కవరుతో ఇంకొకరి వారం రోజుల శ్రమ పోతుంది. అనుమతి తీసుకున్నది తడి డబ్బాకైతే తడి డబ్బాకే.

అడిగినా, ఒప్పుకున్నా, ఇంకొకరి డబ్బాలో వేయకూడనివి కొన్ని ఉన్నాయి. పాత ఫోన్ బ్యాటరీలు బండిలో నలిగితే లోపల షార్టయి మంట లేస్తుంది. అవి అసలు ఏ చెత్తడబ్బాలోనూ వేయకూడదు, బ్యాటరీలు తీసుకునే చోటే ఇవ్వాలి. పొయ్యి బూడిద పైకి చల్లారినట్టున్నా లోపల నిప్పు ఉండొచ్చు, అది ప్లాస్టిక్ డబ్బాను కరిగించేస్తుంది. పగిలిన గాజు అయితే మందపాటి కాగితంలో నాలుగైదు చుట్లు చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన "గాజు" అని పెద్దక్షరాలతో రాసి మన డబ్బాలోనే వేసుకోవాలి. ఆ డబ్బా ఎత్తే చేతికి గాజు ఎవరింటిదో తెలియదు.

సరే, పొరపాటు జరిగింది. మన కవరు చిట్లి వాళ్ళ డబ్బా పాడైంది. అప్పుడు కడిగే పని మనది. బండి వెళ్ళిన వెంటనే, డబ్బా ఖాళీగా ఉన్నప్పుడే కడగాలి. పురుగులుంటే ముందు మరిగే నీళ్ళు, చెయ్యి కాలకుండా, గోడల వెంబడి నెమ్మదిగా పోయండి. తర్వాత డబ్బాను పక్కకు పడుకోబెట్టి, సబ్బు నీళ్ళతో పొడుగు పిడి బ్రష్షుతో అడుగు మూలలు, మూత అంచు రుద్దండి. వాసన ఎక్కువగా దాగేది మూత అంచులోనే. ఆ నీళ్ళు వాళ్ళ గుమ్మం ముందు కాదు, మురుగు కాలువలోకి పారబోయండి. బ్లీచింగ్ వాడదలిస్తే ఒక జాగ్రత్త. డైపర్లు, పెంపుడు పిల్లి మలమూత్రాల కోసం పెట్టే మన్ను ఉన్న డబ్బాలో మూత్రం తడి ఉంటుంది. దానికి బ్లీచింగ్ తగిలితే గొంతు పట్టేసే విషవాయువు వస్తుంది. ముందు సబ్బుతో బాగా కడిగి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగాకే బ్లీచింగ్. ఏ ఆమ్లంతోనూ కలపకూడదు. చివరికి మూత తెరిచి ఎండలో ఆరబెట్టి, అడుగున రెండు మడతల పాత పేపరు పరిచి ఇవ్వండి.

ఇక డబ్బా మీదై, అడగకుండా ఎవరో వేస్తున్నారనుకోండి. ఆ కవరు తీసుకెళ్ళి వాళ్ళ గడప ముందు పెట్టకండి. "బాబాయిగారూ, మా దాంట్లో వేసుకోండి, ఫర్వాలేదు. కాకపోతే బండి వచ్చే ముందు రాత్రి వేయండి, వెళ్ళాక మాత్రం వద్దు" అని చెప్పండి. అన్నట్టు, బండి వెళ్ళాక ఖాళీ డబ్బా ఎంతసేపు వీధిలో ఉంటే దారిన పోయేవారి కవర్లు అంతగా పడతాయి. పొద్దున ముందు ఎవరు బయటికొస్తే వారు రెండిళ్ళ డబ్బాలూ లోపలికి లాగి, మూత వేసి వెళ్ళండి.

నమస్కారం.