పెట్టెకు పేరిచ్చిన ముక్క

శ్రోతలకు నమస్కారం. మన ఊళ్ళలో ఒక తరంవారు చేతిలో పట్టే చిన్న రేడియోను ట్రాన్సిస్టర్ అనే పిలిచేవారు. నిజానికి అది రేడియో పేరు కాదు. దాని లోపల చింతగింజకన్నా చిన్నగా, మూడు కాళ్ళతో ఉండే విడిభాగం పేరు. లోపలి ముక్క పేరు పెట్టె మొత్తానికి ఎందుకు స్థిరపడిందో తెలియాలంటే, అంతకుముందున్న వాల్వు రేడియోను గుర్తు చేసుకోవాలి.

అలమరలో, కుట్టుపూల గుడ్డ కప్పుకొని కూర్చునే ఆ పెట్టె మీట తిప్పగానే పలికేది కాదు. గాజు వాల్వుల్లోని తీగలు ఎర్రబడి వేడెక్కితేగాని గొంతు విప్పేది కాదు కాబట్టి, వార్తలు వినదలచినవారు కాస్త ముందుగానే మీట తిప్పి ఎదురుచూసేవారు. కరెంటు లేని ఊళ్ళో దానికి బరువైన బ్యాటరీలు కావాలి.

ఇవే వాల్వులతో అమెరికాలో టెలిఫోన్ వ్యవస్థ కూడా తంటాలు పడుతుండేది. దూరం వెళ్ళేకొద్దీ తీగలో నీరసించే మాటకు దారి మధ్యలో బలమిచ్చి పంపేవి అవే. కాని కరెంటు ఎక్కువ తినేవి, వేడెక్కేవి, చివరికి మాడిపోయేవి. వాటి పనిని ఘనపదార్థంతో చేయించాలని న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలో విలియం షాక్లీ బృందం పూనుకోగా, 1947 డిసెంబరు 16న జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటైన్ ఆ పని సాధించారు. చూడటానికి అదేమంత సొగసైన వస్తువు కాదు. ముక్కోణపు ప్లాస్టిక్ ముక్క అంచులకు బంగారు రేకు అతికించి, కొన దగ్గర ఆ రేకును బ్లేడుతో చీల్చి, జెర్మేనియం అనే ఘనపదార్థపు పలక మీద స్ప్రింగుతో నొక్కిపెట్టారు. చీలిక వెడల్పు వెంట్రుక మందమే. ఒక వైపు ఇచ్చిన చిన్న సంకేతం రెండో వైపు పెద్దదై బయటికి వచ్చింది. వారం తర్వాత, డిసెంబరు 23న, సంస్థ పెద్దల ముందు ఆ పరికరాన్ని సర్క్యూట్లో కలుపుతూ, తీసేస్తూ, మాట ఎంత హెచ్చుతున్నదో వినిపించారు. మైకు ముందు కూర్చున్న నాకు ముచ్చటగా తోచేది ఇదే: ట్రాన్సిస్టర్ పదిమంది ఎదుట చేసిన తొలి పని మనిషి గొంతును పెంచడం.

1948 జూన్ 30న ఈ సంగతిని లోకానికి ప్రకటిస్తే, న్యూయార్క్ టైమ్స్ పత్రిక లోపలి పేజీలో, రేడియో విశేషాల శీర్షికలో నాలుగు ముక్కలు రాసి ఊరుకుంది. మన విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది ఆ ఏడాది డిసెంబరులోనే. అయితే ట్రాన్సిస్టర్ ముందుగా చేరింది వినికిడి యంత్రాల్లోకి. 1954లో అమెరికాలో, నాలుగంటే నాలుగు ట్రాన్సిస్టర్లతో జేబు రేడియో అమ్మకానికి వచ్చింది. ధర సుమారు 50 డాలర్లు. 1956లో ముగ్గురు శాస్త్రవేత్తలకూ నోబెల్ బహుమతి దక్కింది.

కంప్యూటర్లను సాధ్యం చేయడమే ట్రాన్సిస్టర్ ఘనత అని చాలామంది అంటారు. 1940లలో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటరుకు దాదాపు 18,000 వాల్వులు పట్టాయి కాబట్టి ఆ మాట కాదనలేము. కాని మన పల్లెల్లో మార్పు ముందుగా వచ్చింది వినికిడిలో. టార్చిలైటు బ్యాటరీలతో నడిచే రేడియో అలమర దిగి పొలం గట్టుకూ, ఎద్దుబండిలోకీ, వంటింట్లోకీ వెళ్ళింది. ఇంటిపెద్ద పెట్టిన స్టేషనే అందరూ వినవలసిన రోజులు పోయి, క్రికెట్ వ్యాఖ్యానం కోసం కుర్రవాడొకడు దాన్ని చెవికి ఆనించుకొని అరుగు మీద కూర్చున్నాడు. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టే బాధ మాత్రం 1980ల దాకా తప్పలేదు.

ఇప్పటి మేలురకం ఫోన్‌లోని ఒక్క చిప్‌లోనే వెయ్యి కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లున్నా, దాన్నెవరూ ట్రాన్సిస్టర్ అనరు. ఆ మాట వినగానే పెద్దవారికి కళ్ళ ముందు మెదిలేది, చిల్లుల తోలుతొడుగులో భుజాన వేలాడిన ఆ రేడియోనే.