వనభోజనాలకి ఏ కొండకెళ్దాం

అందరికీ నమస్కారం. అధ్యక్షులు గారికి, సెక్రటరీ గారికి, పులిహోర బాధ్యత నెత్తినేసుకున్న రెండో బ్లాకు అక్కయ్యలకి, పొద్దున్నుంచీ కుర్చీలు సర్దిన కుర్రాళ్ళకి, పేరుపేరునా అందరికీ. కార్తీక వనభోజనాలకి మన విశాఖ చుట్టుపక్కల ఏ కొండ బాగుంటుందో పది నిమిషాలు చెప్పమన్నారు, రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక వెనక వరసలోంచి ఎవరో "వంజంగి పెట్టేద్దాం, చంటిపిల్లల్ని ఎత్తుకుని ఎక్కేయొచ్చు" అన్నారు, అది విన్నాక కాగితం జేబులో పెట్టేశా.

మా పాపకి అప్పుడు ఎనిమిదో నెల. డిసెంబరు. పాడేరు మీదుగా ఆ వంజంగి కొండకే వెళ్ళి, బండ్లు ఆగిపోయే చోట దిగి, చీకట్లో టార్చిలేసుకుని ఎక్కడం మొదలెట్టాం, మంచుకి మట్టి తడిసి జారుతోంది, ముందూ జనమే వెనకా జనమే. పాప నా వీపు మీద క్యారియర్లో ఉంది. నాకు చొక్కా తడిసేలా చెమట, స్వెటరు కూడా విప్పేశా. పాప ఏడవట్లేదు, నిద్రపోయింది, ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాం. మా ఆవిడ వెనకనుంచి పాప కాలు పట్టుకుని "ఏవండీ, ఆగండి" అంది. ప్యాంటు పైకి జరిగిపోయి, మేజోడుకీ ప్యాంటుకీ మధ్య నాలుగు వేళ్ళ మేర పిక్క బయటపడి ఉంది, ముట్టుకుంటే ఫ్రిజ్జులోంచి తీసిన టమాటాలా ఉంది. చేతులూ కాళ్ళూ పిల్లలకి మామూలుగానే చల్లగా ఉంటాయి కదా అని మెడ వెనక చెయ్యి పెట్టి చూశాం. అక్కడా చల్లగానే ఉంది.

నేను నడుస్తున్నా, నాకు వేడి. అది కదలకుండా కూర్చుని ఉంది, దానికి చలి. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదండీ. శాలువా లోపల గుండెకి హత్తుకుని మా ఆవిడ ముందు, నేను వెనక, ఎక్కేవాళ్ళకి ఎదురెళ్తూ దిగాం. దారిచ్చినవాళ్ళు తక్కువ, "ఇంకో పావుగంటేనండీ, వ్యూ మిస్సయిపోతారు" అన్నవాళ్ళే ఎక్కువ. కార్లో పాలు తాగాక పాదాలు వెచ్చబడ్డాయి. అప్పటిదాకా మా ఇద్దరికీ మాట లేదు. ఆ పాపకి ఇప్పుడు ఆరేళ్ళు, అదిగో ఉయ్యాల దగ్గరుంది.

అందుకని ఏ కొండ పేరు చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే, సగంలో వద్దనుకుంటే ఎంతసేపట్లో బండి దగ్గరికొస్తాం? పైన ఏం కనపడుతుందో తర్వాత. మన సింహాచలం అప్పన్న కొండే చూడండి, మెట్లు వెయ్యి పైచిలుకు, కానీ బస్సు పైదాకా వెళ్తుంది, నడిచేవాళ్ళు మెట్ల మీద, పిల్లల తల్లులు బస్సులో, పైన కలుసుకోవచ్చు. కైలాసగిరీ అంతే, రోడ్డుంది, రోప్‌వే ఉంది, పైన పచ్చిక మీద పాకే పిల్లల్ని వదలొచ్చు.

తొట్లకొండ నాకు ప్రాణం. 128 మీటర్లే, పైదాకా రోడ్డు, ఎదురుగా సముద్రం. అయితే ఆ పేరే రాతిలో తొలిచిన నీటి తొట్లవల్ల వచ్చింది, అవి ఇప్పటికీ ఉన్నాయి, రెండేళ్ళ పిల్లాడు పరిగెడితే ఎక్కడ తేలతాడో చెప్పలేం. పైగా నీడ తక్కువ, పదకొండు దాటితే రాయి కాలుతుంది. పొద్దున్నే వెళ్ళి తొమ్మిదిన్నరకి దిగిపోయే పనైతే సరే, భోజనాలకి మాత్రం కాదు.

వయసు సంగతి కూడా చెప్తా. తనంతట తాను కూర్చోలేని పిల్లని వీపు క్యారియర్లో పెట్టకండి, అది సుమారు ఆర్నెల్ల మాట. అంతకన్నా చిన్నదైతే గుండె మీదే, మొహం మనకి కనపడాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, ఊపిరాడదు. ఆర్నెల్లలోపు దాహమని నీళ్ళు పట్టకండి బామ్మగారూ, తల్లిపాలే చాలు, ఇంకొంచెం ఎక్కువసార్లు ఇవ్వాలి. అంటే తల్లి కూర్చోడానికి నీడా, చాటూ ఉండాలి, ఇది ప్రోగ్రాం వేసే మగాళ్ళెవరూ ఆలోచించరు! ఇక మూడేళ్ళవాళ్ళు చీమల బారు కనిపిస్తే అక్కడే కూర్చుంటారు. కూర్చోనివ్వండి. చెయ్యి పట్టి లాక్కెళ్ళకండి. వాళ్ళు చూడ్డానికొచ్చింది ఆ చీమల్నే.

నా మాటగా కంబాలకొండ పెట్టండి. ఊరి పక్కనే 71 చదరపు కిలోమీటర్ల అడవి, చెట్ల నీడ, ఎంతవరకు ఓపికుంటే అంతవరకే నడిచి వెనక్కొచ్చేయొచ్చు. అభయారణ్యం కాబట్టి పొయ్యి పెట్టొద్దు, వంటలు ఇక్కడే చేసి పట్టుకెళ్దాం. నవంబర్లో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది, మూడున్నరకి లేవాల్సిందే. ముందురోజు వాన పడితే మానేద్దాం, డబ్బులు కట్టాం కదా అని ఎవరూ పట్టుబట్టొద్దు. నడిచేటప్పుడు పావుగంటకోసారి పిల్లల మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉన్నా, చెమట పట్టినా ఆగండి. మళ్ళీ చెప్తున్నా, మెడ వెనక.

సరే, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. పాలిచ్చే తల్లులు ముందు చెప్పండమ్మా, మీకు ఏ టైం వీలైతే బస్సు ఆ టైముకే.